గడువు

నవంబరు. మూడున్నరకే చీకటి పడుతోంది.
అబెరిస్ట్విత్ సముద్రం రోడ్డు మీదికి గులకరాళ్లు విసురుతోంది.
పియర్ కిందికి గోరింకల మంద
ఎవరో దులిపిన నల్లదుప్పటిలా దిగుతోంది.
మూడో అంతస్తులో నా గది.
ఓరగా వేసిన తలుపు మీద రెండు వేళ్ల చప్పుడు.

ఇయెస్టిన్. రెండో సంవత్సరం, భూగర్భశాస్త్రం.
"నాలుగు రోజులు గడువు కావాలి, డాక్టర్ ప్రిథెర్చ్."
దేనికన్నాను.
"ఏం లేదు. కొంచెం పని."

ఏం లేదు అన్న మాట ఎంత బరువుంటుందో
రాళ్లు తూచే నాకైనా తెలియాలి.
వాడి చొక్కా చేతుల మీద పిండి,
గోళ్ల సందుల్లోనూ పిండే.
హాజరు పట్టీలో మూడు వారాల ఖాళీ గళ్లు.

ఆరేళ్ల కిందట ఇదే కుర్చీలో
మారెడ్ అనే అమ్మాయి ఏం లేదంది.
ఫారం లింకు పంపాను.
తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది,
నా పనైపోయిందనుకున్నాను.
క్రిస్మస్ దాటాక జాబితాలో ఆమె పేరు మీద గీత.
ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.
ఆ రెండో వాక్యమే ఇప్పటికీ గుచ్చుతుంది.

ఈసారి కంప్యూటరు మూసేశాను.
బల్ల వెనక నుంచి లేచి
నా కుర్చీని వాడి పక్కకి, కిటికీ వైపు లాక్కున్నాను.
ఎదురెదురు కుర్చీలు మౌఖిక పరీక్షకి.
నాకర్థమైంది అనబోయి మింగేశాను.
ఇంకా ఏమీ అర్థం కాలేదు కదా.
రేడియేటరు ఒక్కటే గొణుగుతోంది.

ట్రేలోంచి ఒక పలకరాయి ముక్క తీసి
తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు.
పలకరాయి పలకదు. వాడూ పలకడు.
చాలాసేపటికి: "ఇదెక్కడిది?"
"కోరిస్ గనిది."
"మా తాత అక్కడే రాయి చీల్చేవాడు."
అంతే, ఆ చీలిక దగ్గర మాట కదిలింది.

ఆగస్టు నుంచి అమ్మ మంచం దిగడం లేదట.
తమ్ముడికి తొమ్మిదేళ్లు.
రాత్రి రెండింటికి బేకరీ, ఏడింటికి తమ్ముడి జడివాన బూట్లు,
ఎనిమిదింటికి బస్సు, ఆ బస్సులోనే నిద్ర.
దిగాల్సిన చోటు దాటి ఎన్నిసార్లు లేచాడో.
ఇంగ్లీషు ఎక్కడ వదిలేశాడో ఇద్దరం గమనించలేదు,
వెల్ష్‌లోకి జారిపోయాం.
దుఃఖానికి ఇంటి భాష ఒక్కటే వచ్చు.

"ఎవరికీ చెప్పకండి" అన్నాడు.
"ఆ మాట ఇవ్వలేను" అన్నాను.
"ఎవరికి చెబుతానో, ఎందుకు చెబుతానో
ముందు నీకే చెబుతాను.
నేను డాక్టర్నే, కాకపోతే రాళ్లకి."
నవ్వలేదు. ముక్కుతో చిన్న గాలి వదిలాడు.
ప్రస్తుతానికి అది చాలు.

వాడి ముందే నెరిస్‌కి ఫోను చేశాను.
కౌన్సిలింగ్ గది కింద ఉంది, వెళ్లు అనలేదు.
కోటు వేసుకుని నేనూ మెట్లు దిగాను.
గడవని రోజులున్నవాడు
నాలుగు రోజుల గడువు అడిగాడు!
మూడు వారాలు రాసిచ్చాను.
తమ్ముడి సంగతి కౌన్సిలు ఆఫీసు చూడాలి,
ఆ ఉత్తరం ఇద్దరం కూర్చునే రాశాం.

ఆ రాత్రి కారులో తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు.
నాకున్నది ఒక గది, రెండు కుర్చీలు.
అది ఇల్లు కాదు, నేను వాళ్లమ్మనీ కాను.
స్టీరింగుకి ఆ మాట రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

మర్నాడు ట్రేలో పలకరాయి లేదు.
తెలియకుండానే జేబులో వేసుకుపోయాడు.
దాని చుట్టూ పేరుకున్న దుమ్ములో
దాని ఆకారం అలాగే ఉంది. తుడవనివ్వలేదు.

జనవరిలో వ్యాసం వచ్చింది,
ఇచ్చిన గడువు మీద ఇంకో రెండు రోజులు ఆలస్యంగా.
పదకొండో పేజీలో
మడతలు వాలే దిక్కు పూర్తిగా తప్పు.
జాలితో వదిలేద్దామని ఒక్క క్షణం అనిపించింది.
ఎర్రకలం తీశాను.
దిద్దాను, అక్షరం అక్షరం.
దిద్దడానికి ఒక పేజీ ఉన్నందుకు
ఎంత సంతోషమో.